ఇంటర్ మొదటి ఏడాదిలోనే కాలేజీ వెతుకులాట
(అనంతపురంలో ఇంటర్ విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పనులు మానుకుని వచ్చిన అమ్మలకు, నాయనలకు, వెనక నిలబడి వింటున్న అన్నలకు, లెక్చరర్లకు నమస్కారం. పిల్లలూ, నోటుబుక్కు తీసి పెట్టుకోండి. ఈరోజు చెప్పేదాంట్లో కాగితాల పేర్లు, నెలలు, లెక్కలు చాలా ఉన్నాయి. విని గుర్తుపెట్టుకుంటామంటే ఇంటికి పోయేలోపే సగం మరిచిపోతారు.

మన ఇళ్లలో ఒక మాట నడుస్తుంది. "ముందు పరీక్ష రాయనీప్పా, ర్యాంకు రానీ, తర్వాత చూస్తాం." ర్యాంకు జూన్‌లో వస్తుంది. ఆ వెంటనే సీట్లు పంచే కౌన్సెలింగ్. మధ్యలో మిగిలేవి కొన్ని వారాలే. కుల ధ్రువీకరణ, ఆధార్‌లో పేరు సవరణ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కాలేజీలు చూసిరావడం, ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆప్షన్ల జాబితా రాసుకోవడం అన్నీ ఆ వారాల్లోనే మీద పడితే ఏదో ఒకటి తప్పిపోతుంది. మంచి ర్యాంకు వచ్చి కూడా సీటు పోగొట్టుకున్న పిల్లల సంగతి తీసి చూస్తే, అడుగున ఎక్కువగా కనిపించేది అందని కాగితం, తప్పు వరుసలో పెట్టిన ఆప్షన్. ఈ రెండూ ఇంట్లో కూర్చుని నెలల ముందు సరిచేసుకోగలిగినవి. అందుకే సెకండియర్ వాళ్లతో పాటు ఫస్టియర్ వాళ్లను కూడా పిలిపించాం.

ముందు క్యాలెండర్ చూద్దాం. ఇంటర్ పరీక్షలయ్యాకే అన్నీ మొదలవుతాయనుకోవడం పెద్ద పొరపాటు. నేషనల్ లా యూనివర్సిటీలకు జరిగే క్లాట్ పరీక్ష డిసెంబర్‌లోనే అయిపోతుంది. ఎన్‌ఐటీల్లాంటి కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీల కోసం రాసే జేఈఈ మెయిన్ రెండుసార్లు, జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. జనవరి పరీక్షకు దరఖాస్తు అక్టోబర్, నవంబర్ నెలల్లోనే మొదలవుతుంది. మెడిసిన్ కోసం రాసే నీట్ దరఖాస్తు ఫిబ్రవరి, మార్చిలో. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్, వ్యవసాయ కోర్సులకు రాసే ఏపీ ఈఏపీసెట్ నోటిఫికేషన్ కూడా దాదాపు అప్పుడే, పరీక్ష మేలో. సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ కూడా మేలోనే. తేదీలు ఏటా కొంచెం అటూ ఇటూ జరుగుతాయి గానీ ఈ వరుస పెద్దగా మారదు. గోడమీద క్యాలెండర్‌లో అక్టోబర్ పేజీ దగ్గరే పెన్నుతో గుర్తు పెట్టుకోండి. గడువు దాటాక అపరాధ రుసుము వందలతో మొదలై వేలకు పోతుంది. ఈఏపీసెట్‌లో ఆఖరి రోజుల్లో పదివేల దాకా అడిగిన సంవత్సరాలు ఉన్నాయి. ఆ పదివేలు ఒక టర్ము బస్సు ఫీజుకు వస్తాయి.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పను, మీ లెక్చరర్లు రోజూ చెప్తారు. ఒక్క లెక్క మాత్రం బోర్డు మీద వేసి చూపిస్తాను. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపరు 160 మార్కులు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ర్యాంకు మాత్రం ఈ 160తోనే కట్టరు. సెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ. ఎంపీసీ గ్రూపు మార్కులు మొత్తం 600. వాటిని 25కి కుదిస్తారు, 160ని 75కి కుదిస్తారు. గుణించి చూడండి. సెట్‌లో ఒక ప్రశ్న ఇంటర్‌లో సుమారు 11 మార్కులతో సమానం. ఇంటర్‌లో అరవై మార్కులు తగ్గితే సెట్‌లో ఐదు ప్రశ్నలకు పైగా పోగొట్టుకున్నట్టే. మధ్య ర్యాంకుల్లో ఒక్క మార్కు తేడాలోనే బోలెడంత మంది ఇరుక్కుని ఉంటారు కాబట్టి, ఫస్టియర్ మార్కులు "యాడికీ పనికి రావులే" అనుకోవద్దు. ఫస్టియర్‌లో తగ్గినవాళ్లకు బెటర్‌మెంట్ రాసుకునే వీలు ఉంది, వాడుకోండి. సెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోయరు, ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. నీట్, జేఈఈ మెయిన్ అలా కాదు. అక్కడ తప్పుకు ఒక మార్కు పోతుంది.

ఇంకో రెండు విషయాలు. సీబీఎస్ఈ లాంటి వేరే బోర్డు పిల్లలు ఇంటర్ మార్కులను తామే అప్‌లోడ్ చేసి డిక్లరేషన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే సెట్‌లో ఎంత రాసినా ర్యాంకు ఆపేస్తారు. ఇక ఎన్‌ఐటీలు, ట్రిపుల్‌ఐటీలు కావాలనుకునేవాళ్లకు జేఈఈ ర్యాంకు ఒక్కటే చాలదు. ఇంటర్‌లో 75 శాతం మార్కులైనా ఉండాలి, లేదంటే మీ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లోనైనా, అంటే పైనుంచి నూటికి ఇరవై మందిలోనైనా ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ 75 బదులు 65.

ఇప్పుడు కాగితాలు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన వైపు పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

మొదటిది పేరు. పదో తరగతి మార్కుల మెమోను పక్కన పెట్టుకోండి, ఆధార్‌ను దాని పక్కన పెట్టండి, ఒక్కొక్క అక్షరం పోల్చండి. మెమోలో "కె. లక్ష్మీదేవి" అని ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాసి ఉంటుంది, కుల ధ్రువీకరణలో "లక్ష్మి" అని సగమే ఉంటుంది. మూడు కాగితాల్లో మూడు పేర్లయితే కంప్యూటర్‌కు మీరు ముగ్గురు మనుషులు. పుట్టిన తేదీలోనూ అంతే. అన్నిటికీ మూలం పదో తరగతి మెమోనే, మిగతావి దానికి సరిపోయేలా మార్చుకోవాలి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు. కాబట్టి ఆధార్ కేంద్రంలో కూర్చున్నప్పుడు స్క్రీన్ మీద అక్షరాలు మీరే చదివి చూసుకుని, ఆ తర్వాతే రసీదు తీసుకోండి.

రెండోది ఫోన్ నంబర్. దరఖాస్తులో ఇచ్చిన నంబర్‌కే ఓటీపీలన్నీ వస్తాయి. నాయన ఫోన్ నంబర్ ఇస్తారు, నాయన చేను కాడికి పోయుంటాడు, అక్కడ సిగ్నల్ ఉండదు, ఆప్షన్లకు చివరి రోజు వచ్చేస్తుంది. మొదటి దరఖాస్తు నుంచి చివరి కౌన్సెలింగ్ దాకా ఒకే నంబర్, ఒకే ఈమెయిల్ వాడండి. ఆ సిమ్ ఇంట్లో ఉండే ఫోన్‌లో వేయండి, రీచార్జి అయిపోకుండా చూసుకోండి. ఇంటర్నెట్ సెంటర్ ఆయన తన ఈమెయిల్ పెట్టి ఫారం నింపేస్తుంటాడు, ఒప్పుకోవద్దు.

మూడోది స్థానికత. మన సీట్లలో 85 శాతం స్థానిక ప్రాంతం పిల్లలకు. పాత జిల్లాల లెక్కలో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు కలిపి ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం. స్థానికులు కావాలంటే మామూలుగా, ఇంటర్ పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఈ ప్రాంతంలో చదివి ఉండాలి. హిందూపురం, మడకశిర నుంచి బెంగళూరులో ఇంటర్ చదివేవాళ్లు, కర్నూలు నుంచి హైదరాబాద్ పోయినవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. సొంత ఇల్లు ఇక్కడే ఉంది, రేషన్ కార్డు ఇక్కడే ఉంది అంటే సరిపోదు. లెక్కలోకి వచ్చేది మీరు ఏ ఊళ్లో చదివారన్నది. నాన్‌లోకల్ అయితే మిగిలిన 15 శాతంలో పోటీ పడాలి. ఇది తెలియకుండా పిల్లను బయట చేర్పించి, కౌన్సెలింగ్ రోజు తెలుసుకునే తల్లిదండ్రులు ఏటా కనిపిస్తారు. పిల్లను బయటికి పంపేటప్పుడే ఈ లెక్క వేసుకోండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడాదికి ఆ ఏడాది స్టడీ సర్టిఫికెట్ తెచ్చి పెట్టుకోండి. చిన్న ప్రైవేటు బడులు మూతపడుతుంటాయి. మూతపడ్డాక రికార్డు కోసం మండల విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

నాలుగోది కులం, ఆదాయం. ఊళ్లోని సచివాలయంలో దరఖాస్తు పెడితే రెవెన్యూ వాళ్లు పరిశీలించి ఇస్తారు. ఒక తేడా మాత్రం గమనించండి. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు. కొన్ని కులాలు రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో ఉండవు. జేఈఈ, నీట్, సీయూఈటీలకు కేంద్రం నమూనాలో, సంపన్న శ్రేణి కాదని చెప్పే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరేగా కావాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదై ఉండాలి. ఓసీల్లో ఆర్థికంగా వెనకబడినవాళ్లకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ కూడా ఏటా కొత్తగా తీసుకోవాల్సిందే. కేంద్రం ఈడబ్ల్యూఎస్ నిబంధనలో ఎనిమిది లక్షల ఆదాయంతో పాటు ఐదెకరాల భూమి పరిమితి కూడా ఉంది. అక్కడ మాగాణి, మెట్ట అని తేడా చూడరు. మన అనంతపురంలో వాన పడితే వేరుశనగ, పడకపోతే ఏమీ లేని మెట్ట ఆరెకరాలున్న కుటుంబం కూడా దానికి దూరమైపోతుంది. అన్యాయంగా అనిపిస్తుంది, అనిపించడం సహజమే. నిబంధన మాత్రం అది. కుటుంబం మొత్తం భూమి ఎంత ఉందో భూమి రికార్డు 1బీ తీసి చూసుకుని తర్వాతే ఆ గడిలో టిక్కు పెట్టండి. లేనిది ఉన్నట్టు పెడితే సీటు వచ్చాక పరిశీలనలో పోతుంది.

వ్యవసాయ కోర్సులు చదవాలనుకునే రైతుబిడ్డలకు రైతు కోటా ఉంది. దానికి భూమి కాగితాలు, పల్లెటూరి బడిలో చదివినట్టు సర్టిఫికెట్లు అడుగుతారు. మహానందిలో వ్యవసాయ కాలేజీ ఉంది, మనకు దూరమేమీ కాదు.

ఇవన్నీ ఒక ఫైలులో వరుసగా పెట్టి, ప్రతి కాగితం మూడు జిరాక్సులు తీయించి, స్కాన్ చేసి ఫోన్‌లోనూ ఈమెయిల్‌లోనూ ఉంచండి. ఫోటో తీసి పంపితే నీడ పడుతుంది, అంచులు తెగుతాయి, వెరిఫికేషన్‌లో వెనక్కి పంపుతారు. స్కానే చేయించండి. ఒరిజినల్స్ మాత్రం ఏ మధ్యవర్తి చేతికీ ఇవ్వొద్దు. కాలేజీలు చేరేటప్పుడు ఒరిజినల్స్ తీసుకుని తమ దగ్గరే పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. "సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టండి, సీటు మేం చూసుకుంటాం" అనే మనిషి మీ పిల్లను ఒక కాలేజీకి కట్టేస్తున్నాడని అర్థం.

సరే, కాలేజీ ఎట్లా వెతకాలి? ముందు మన చుట్టుపక్కల ఏమున్నాయో తెలుసుకోవాలి. అనంతపురంలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 1946 నాటిది. పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. కర్నూలులో 2015లో మొదలైన ట్రిపుల్‌ఐటీడీఎం ఉంది, దానికి జేఈఈ మెయిన్ ర్యాంకుతో, కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీల సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో పోవాలి. మన ఈఏపీసెట్ అక్కడ పనికిరాదు. ఇడుపులపాయ ట్రిపుల్‌ఐటీ వేరు. అది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద ఉంది, పదో తరగతి మార్కులతోనే చేరాలి, ఆరేళ్ల కోర్సు. రెండింటినీ ట్రిపుల్‌ఐటీ అనే అంటారు కాబట్టి చాలామంది కలిపేసుకుంటారు. ఇక్కడున్న ఇంటర్ పిల్లలకు ఇడుపులపాయ అవకాశం దాటిపోయింది. ఇంట్లో తమ్ముడో చెల్లెలో పదిలో ఉంటే ఇప్పుడే చెప్పండి, సర్కారు బడిలో చదివినవాళ్లకు అక్కడ అదనపు స్కోరు కలుపుతారు. పాలిటెక్నిక్ దారి కూడా పది తర్వాతే, పాలీసెట్‌తో. డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

ఇంజినీరింగ్ ఒక్కటే చదువు కాదు. అనంతపురం ప్రభుత్వ డిగ్రీ కాలేజీ 1916 నుంచి ఉంది. కర్నూలు సిల్వర్ జూబ్లీ కాలేజీ 1972లో మొదలైన రెసిడెన్షియల్ కాలేజీ. కడపలో యోగి వేమన యూనివర్సిటీ ఉంది, ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఆర్కిటెక్చర్‌కు నాటా పరీక్ష రాయాలి. పుట్టపర్తి సత్యసాయి విద్యాసంస్థలో ట్యూషన్ ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష వాళ్లదే, ఆడపిల్లల క్యాంపస్ మన అనంతపురంలోనే ఉంది. 2018లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే. దానికి సీయూఈటీ రాయాలి. ఆ పరీక్షను తెలుగులో కూడా రాయొచ్చని చాలామందికి తెలియదు. మన ఊళ్లోనే కేంద్ర విశ్వవిద్యాలయం ఉంటే దాని దరఖాస్తు గడువు ఎప్పుడో తెలియని పిల్లలు ఉండకూడదు.

ఇక కాలేజీ మంచిదా కాదా అన్నది. కరపత్రంలో ఉండేది నమ్మొద్దు, నేరుగా పోయి చూడండి. సంబంధం చూడబోతే గడప దగ్గర ముగ్గు చూసి తిరిగిరాం గదా, వంటింటి దాకా పోతాం. కాలేజీ పని నడిచే రోజు, మధ్యాహ్నం వేళ పోండి. మీ బ్రాంచిలో రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లలను గేటు బయట టీ అంగడి దగ్గర కలవండి. వాళ్లను ఇవి అడగండి. వారంలో ఎన్ని ల్యాబులు నిజంగా జరుగుతాయి? ఒక కంప్యూటర్ ముందు ఎంతమంది కూర్చుంటారు? ఈ ఏడాదిలో ఎంతమంది సార్లు వెళ్లిపోయారు? సర్కారు ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే ఫీజు ముందు కట్టమంటారా, హాల్ టికెట్ ఆపుతారా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే చాలా ఇళ్ల బడ్జెట్ తారుమారవుతుంది.

కాలేజీ నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులు రెండున్నాయి. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి బ్రాంచికి వేరుగా ఇస్తారు. కాలేజీలో మెకానికల్‌కు ఎన్‌బీఏ ఉండి, మీరు చేరబోయే కొత్త ఏఐ బ్రాంచికి లేకపోవచ్చు. "మాది ఎన్‌బీఏ కాలేజీ" అంటే ఏ బ్రాంచికి, ఏ ఏడాది దాకా అని అడగండి. ప్లేస్‌మెంట్లలో పెద్ద జీతం వచ్చిన ఒక్కడి ఫొటో ఫ్లెక్సీ మీద పెడతారు. మీరు అడగాల్సింది వేరే: మీ బ్రాంచిలో చివరి ఏడాది ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఉద్యోగం వచ్చిందెంతమందికి, మధ్యలో ఉన్న పిల్లవాడి జీతమెంత. చెప్పలేకపోతే అదే జవాబు.

ఫీజు దగ్గర కూడా ట్యూషన్ ఫీజు ఒక్కటే చూడొద్దు. హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజు, యూనిఫాం, శిక్షణ పేరుతో తీసుకునేది అన్నీ కలిపి నాలుగేళ్లకు వేసుకోండి. రీయింబర్స్‌మెంట్ వచ్చేది కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రాదు. ఇప్పటిదాకా నడిచిన నిబంధనల్లో కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు, భూమి మాగాణి పదెకరాలు లేదా మెట్ట ఇరవై ఐదెకరాల లోపు, హాజరు 75 శాతం అడిగారు. మీరు చేరే ఏడాది ఉత్తర్వు చూసుకోండి.

ఇప్పుడు అసలు పని, వెబ్ ఆప్షన్లు. ఇది నెమ్మదిగా చెప్తాను.

కౌన్సెలింగ్ సైట్‌లో పోయిన ఏడాది చివరి ర్యాంకుల పట్టిక ఉంటుంది, అంటే ఏ సీటు ఏ ర్యాంకు దాకా పోయిందో చెప్పేది. ప్రతి కాలేజీ, ప్రతి బ్రాంచికి ఓసీ అబ్బాయిలు, ఓసీ అమ్మాయిలు, బీసీ-ఏ అబ్బాయిలు, బీసీ-ఏ అమ్మాయిలు, ఇలా పొడుగ్గా గడులుంటాయి. ఉరవకొండ అమ్మాయి అనుకుందాం. బీసీ-బీ, ఎస్వీయూ లోకల్, ర్యాంకు 42 వేలు. ఆమె చూడాల్సింది బీసీ-బీ అమ్మాయిల గడి. ఓసీ అబ్బాయిల గడి చూసి "నాకు రాదులే" అని మంచి కాలేజీని వదిలేసే పిల్లలు చాలామంది. ఆమె ర్యాంకు ఓపెన్ గడిలోకి సరిపోతే అక్కడా సీటు వస్తుంది, కంప్యూటరే చూసుకుంటుంది. ఒక్క ఏడాది పట్టిక చాలదు. రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టండి. ఒక కాలేజీలో సీఎస్‌ఈ సీట్లు పెరిగిన ఏడాది చివరి ర్యాంకు ఒక్కసారిగా కిందికి జారుతుంది. అది చూసి కాలేజీ చెడిపోయిందనుకోవద్దు.

ఆ అమ్మాయి నోటుబుక్కులో మూడు భాగాలు చేయాలి. మొదట 25 వేల నుంచి 40 వేల మధ్యలో ముగిసినవి, అంటే అదృష్టం ఉంటే వచ్చేవి. తర్వాత 40 నుంచి 55 వేల దాకా, రావడానికి బాగా వీలున్నవి. ఆ కింద 55 వేలు దాటి ముగిసినవి, తప్పక వచ్చేవి. మూడో భాగంలో కూడా తాను నిజంగా చేరడానికి ఇష్టపడే కాలేజీలే ఉండాలి. ఇష్టం లేనిది జాబితా నింపడానికి పెడితే, అదే వచ్చి కూర్చుంటుంది. ఆప్షన్లకు పైపరిమితి లేదు. పది పెట్టి ఊరుకున్నవాళ్లకే సీటు రాకుండా పోతుంది.

వరుస ర్యాంకును బట్టి పెట్టొద్దు, ఇష్టాన్ని బట్టి పెట్టండి. కంప్యూటర్ మీ ఒకటో ఆప్షన్ దగ్గర మొదలుపెట్టి, సీటు ఉన్న మొదటి చోట ఆగిపోతుంది, ఇంక కిందికి చూడదు. "రానిది పైన పెడితే కింద ఉన్నది కూడా పోతుంది" అనే భయం తప్పు. పైనది రాకపోతే కిందికి వస్తుందంతే. వచ్చే దాన్ని పైన పెట్టుకుంటే మాత్రం దానికన్నా మంచిది రాబోయినా పోగొట్టుకున్నట్టే.

ఒకే యాజమాన్యం కింద రెండు మూడు కాలేజీలుంటాయి, పేర్లు ఒక్క మాట తేడాతో ఉంటాయి. కాలేజీ కోడ్ చూసి పెట్టండి. బ్రాంచి కోడ్ కూడా అంతే. సీఎస్‌ఈ వేరు, సీఎస్‌ఎం అంటే ఏఐ ఎంఎల్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్. కాగితం మీద రాసుకున్న జాబితా పక్కన పెట్టుకుని ఎక్కించండి. ఎక్కించాక సేవ్ చేసి, ప్రింటు తీసి, ఇంకొకరి చేత పైనుంచి కిందికి చదివించండి. చివరగా సేవ్ అయిందే లెక్క. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. కొందరు కాలేజీల మనుషులు ఊళ్లలోకి వచ్చి "మేం ఉచితంగా పెట్టిస్తాం" అని హాల్ టికెట్ నంబర్, ఓటీపీ తీసుకుంటారు. ఒకటో ఆప్షన్‌గా వాళ్ల కాలేజీ పెట్టి పోతారు.

సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఈ సీటులో చేరుతున్నానని తెలపడం, చేయాలి, కాలేజీకి పోయి కూడా రిపోర్టు చేయాలి. రెండూ గడువులోపే. ఒకటి చేసి రెండోది మరిచినా సీటు రద్దవుతుంది.

ఇంక మీ ప్రశ్నలు.

ప్రశ్న: సార్, మాది మడకశిర. బెంగళూరు దగ్గర గదా, పిల్లోణ్ణి ఆడనే చేర్పిస్తే ఎట్లుంటాది?

దూరం దగ్గరే అన్నా, ఖర్చు దూరం. కర్ణాటక ప్రభుత్వ కోటా సీట్లకు అక్కడ చదివి ఉండాలనే అర్హతలున్నాయి. బయటివాళ్లకు మిగిలేది అక్కడి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల కామెడ్-కే పరీక్ష, లేదంటే మేనేజ్‌మెంట్ సీటు. ఆ ఫీజు, హాస్టల్ నాలుగేళ్లకు ఎంతవుతుందో ముందు కాగితం మీద వేయండి. ఇంకొకటి. మీ ఇంట్లో కన్నడం మాతృభాష అయితే, మడకశిర లాంటి సరిహద్దు తాలూకాల కన్నడిగులకు అక్కడ గడినాడు కింద ఒక అర్హత ఉంది. కర్ణాటక ప్రవేశాలు చూసే కేఈఏ నోటిఫికేషన్‌లో ఆ భాగం చదివి, ఏ కాగితాలు అడుగుతున్నారో చూసి తర్వాత నిర్ణయించుకోండి.

ప్రశ్న: మా పాపకు లెక్కలంటే భయం సార్. డిగ్రీలో చేర్పిస్తే ఇంట్లోవాళ్లు "ఇంజినీరింగు రాలేదా" అంటున్నారు.

అమ్మా, లెక్కలంటే భయపడే పిల్లను బీటెక్‌లో వేస్తే మొదటి ఏడాదిలోనే సబ్జెక్టులు మిగిలిపోతాయి, ఆ తర్వాత నాలుగేళ్లూ వాటి వెంటే పరుగు. పాపకు ఏది ఇష్టమో కూర్చోబెట్టి అడగండి. డిగ్రీ అడ్మిషన్లు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే, అక్కడా ఆప్షన్ల వరుస ఉంటుంది. 2023లో డిగ్రీలో సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి తెచ్చారు. మీరు చేరే ఏడాది ఏ పద్ధతి నడుస్తోందో చూసుకోండి. చేరేటప్పుడు ఎంచుకున్న మేజర్ సబ్జెక్టుతోనే ముందుకు పోవాలి, అందుకే దాన్ని ఆలోచించి పెట్టండి. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ కూడా రాయించండి. ఇంటి నుంచి పోయివచ్చే దూరంలో ఉంది.

ప్రశ్న: మొదటి విడతలో ఒక సీటు వచ్చిందనుకోండి సార్. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెడితే మొదటిది అట్లే ఉంటుందా?

కొత్త సీటు రాకపోతే ఉంటుంది. వస్తే పాతది ఆ క్షణంలోనే పోతుంది, వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. కొత్తది నచ్చలేదు, పాతది కావాలంటే కుదరదు. కాబట్టి రెండో విడతలో ఇప్పుడున్న సీటు కన్నా నిజంగా మేలైనవి మాత్రమే పెట్టాలి. ఒకటే ఉంటే ఒకటే పెట్టు, నాలుగుంటే నాలుగు. పాత జాబితా మొత్తాన్ని మళ్లీ ఎక్కించొద్దు. ఉన్న సీటుతో తృప్తిగా ఉంటే రెండో విడతలో ఏమీ పెట్టకుండా, మొదటి సీటుకు రిపోర్టింగ్ పూర్తి చేసుకుని ఊరుకో. రిపోర్టింగ్ రసీదు ప్రింటు తీసి ఫైలులో పెట్టుకో నాయనా, కాలేజీలోనూ, రీయింబర్స్‌మెంట్ దరఖాస్తులోనూ అదే అడుగుతారు.